పెట్టినోడు ముందు తినాల

రాయి నాగజ్యోతీ. పేరు ముందు రాయి. ఓబులేసు.

"పేరు వద్దు నాయనా, ఎవరో ఒక మనిషి అని రాస్తా" అంటాండావు. ఎవరో ఒక మనిషి నా మనమరాలి గొంతులో పసురు పోయలేదు. ఓబులేసు పోసినాడు. నువ్వు ఆ పాపకు తల్లివి. నీకు భయం ఉంటాది. నేను తాతను, నాకు లేదు. రాయి.

నా పేరు కూడా రాయి. మద్దిలేటి. ఆళ్లగడ్డ. మూడో తరగతి దాంక బడికి పోయినా. ఆ తర్వాత ఎద్దులెనక పోయినా. నేను నిదానంగా మాట్లాడతానని ఊరంతా నవ్వుతారు. నవ్వనీ. నిదానంగా తిడితే ఎదుటోడికి ప్రతి ముక్కా ఇనపడతాది.

అల్లుడు సురేషు లారీ మీద పోతాంటాడు. అందుకని నువ్వూ పాపా నా ఇంట్లోనే ఉంటిరి. పాప ప్రవళిక. డిగ్రీ అయినంక బ్యాంకు పరీక్షలకని నంద్యాలలో కోచింగుకు చేర్పించినాం. ఆడనే హాస్టలు. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేది, సోమవారం పొద్దున పోయేది.

వచ్చినప్పుడు బాగా తినేది. అట్లా ఇట్లా కాదు. సంగటి ముద్ద మీద ముద్ద. మీ అమ్మ యశోదమ్మ మురిసిపోయె. "హాస్టల్లో పిల్లకు సరిగ్గా పెట్టరప్పా, చూడు ఎట్ల తింటాందో" అనె. పాప బక్కగా కూడా లేదు. ఎప్పటి మాదిరే ఉండె. చెంపలు మాత్రం ఉబ్బినాయి. "మొగంలో కండ వచ్చినాది" అని మీ అమ్మ దిష్టి తీసె. ఆ ఉబ్బు జబ్బు గుర్తని మాకేం తెల్సు.

కొన్నాళ్లకు అటక మీద పెట్టిన బెల్లం పాకంలో చేసిన బుడ్డల పప్పుండల డబ్బా ఖాళీ అయ్యె. పెరుగు కుండ అడుగంటె. మీ అమ్మ పిల్లిని తిట్టె. పిల్లి డబ్బా మూత తీసి మళ్ల మూత పెడతాదా? నేను అడిగినా. "నువ్వు గమ్మునుండప్పా" అనె.

అంతలో ఒక ఆదివారం అనసూయమ్మ ఇంట్లో మనమడి పుట్టెంటుకలు తీసే పండగ వచ్చె. అనసూయమ్మ అంటే నా తమ్ముని పెండ్లాం. తమ్ముడు పోయి చానా కాలమయ్యె. ఆమెకూ నాకూ మడి గట్టు దగ్గర మాటపట్టింపు. అయినా పిలిచింది, పోయినాం. పూర్ణం పెట్టి ఓళిగలు చేసినారు. పాప గబగబా తినె. ఒక ఇస్తరి ఐనంక ఇంకొక పంక్తిలో కూర్చొని మళ్ల తినె. కొంచేపటికి కనపడలే. మీ అమ్మ ఎతుక్కుంటా పోతే గడ్డివామి ఎనక వంగి కక్కుతాండాది. చేతివేళ్ల కణుపుల మీద పండ్ల గీతలు. రక్తం.

మీ అమ్మ రొమ్ము కొట్టుకునె. "మందు పెట్టినారప్పా! మన పాపకు మందు పెట్టినారు!"

మందు పెట్టేదంటే మా పక్క అందరికీ తెల్సు. పగోళ్లు తిండిలో ఏందో కలిపి పెడతారంట. అది కడుపులో గడ్డ కట్టి మనిషిని లోపల్నుంచి తినేస్తాదంట. డాక్టర్లకు కనపడదంట. పసురు తాపి కక్కించేవాళ్ల దగ్గరికి తీసకపోతేనే పోతాదంట.

ఎవరు పెట్టినారు? యాడ కక్కిందో ఆ ఇంట్లోనే గదా తినింది. నేను ఆడనే, పుట్టెంటుకల పందిట్లోనే, బంధువులందరి ముందర అనసూయమ్మను అడగరాని మాటలు అడిగినా. నిదానంగా అడిగినా. అందరికీ ఇనపడె.

మర్నాడు పొద్దున్నే ఆమె మన వాకిట్లోకి వచ్చె. చేతిలో క్యారేజీ.

"ఏం బావా, నేను మందు పెట్టినానంట గదా?"

"పెట్టకపోతే పాప ఎందుకు కక్కింది?"

"పదిమంది తినేది ఒక్కతే తింటే కక్కదా? రా, కూర్చో. నీ కండ్ల ముందర చూడు."

మా పక్క ఒక రివాజుండాది. పగ పడిన ఇండ్లు రెండూ రాజీకి కూర్చుంటే, పెట్టినోడు ముందు తినాల. వాడు ముద్ద మింగినంకనే ఎదుటోడు ఇస్తరిలో చెయ్యి పెడతాడు. మా నాయన కాలం నుంచి అంతే. అనసూయమ్మ నాపబండ మీద బాసింపట్టు వేసి కూర్చొని, క్యారేజీ తెరిచి, ఓళిగ తుంచి, నా మొగం చూస్తా మింగె. ఇంకొక తుంచు నాకు చాపె.

నేను చెయ్యి చాపలే.

ఆమె లేసి క్యారేజీ మొత్తం మన కుక్క ముందర బోర్లిచ్చె. "నా ముద్ద నీకు పనికి రాలే. నీ కుక్కకు పనికొచ్చె. ఇంక నీ ఇంటికీ నా ఇంటికీ నీళ్లు లేవు, నిప్పులు లేవు" అని పోయె.

నాటకం ఆడతాండాదనుకున్నా. ఆ సాయంత్రం ఆమె మడికి పోయే కాలవకు అడ్డంగా మట్టేసినా.

పై ఆదివారం పాపను తీసుకొని ఓబులేసు దగ్గరికి పోయినాం. నంద్యాల రోడ్డులో ఒక పల్లె. నువ్వూ ఉండావు. నువ్వు చూసిందే, అయినా రాయి. వాకిలంతా నాపబండలు పరిచినాడు. జనం వరుసగా కూర్చున్నారు. మొగుడు మాట్లాడని ఆడోళ్లు, ఉద్యోగం రాని మొగోళ్లు, అన్నం తినని పసిబిడ్డలు. అందరికీ ఒకటే రోగం, ఎవరో మందు పెట్టినారు. అందరికీ ఒకటే వైద్యం, పచ్చగా ఒక లోటా పసురు. ఓబులేసు తాగినోని తలకాయ పట్టుకొని ఎనక నిలబడతాడు. ఎర్ర తువాలతో నుదురు అదిమి పడతాడు. మనిషి పేగులు బయటికొచ్చేటట్ల కక్కుతాడు. ముందర పెట్టిన స్టీలు తట్టలో చివరికి టప్పుమని ఒక నల్ల గడ్డ పడతాది. జుట్టు చుట్టిన గడ్డ.

మన పాప కక్కినప్పుడు కూడా పడె.

"చూసినారా? దగ్గరి ఆడమనిషి పెట్టినాది. రక్తసంబంధం కాదు, ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి" అని చెప్పె ఓబులేసు. మనం ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం. నువ్వు ఏడ్చినావు. పాప మాత్రం ఏడవలే. ఆ గడ్డను చూస్తానే ఉండె. నేను భయపడిందనుకున్నా.

"వేర్లు మిగిలింటాయి పెద్దాయనా. ప్రతి ఆదివారం తీసకరాండి" అనె.

తీసకపోయినాం. ప్రతి ఆదివారం. పాపకు కాళ్లు పీకులు. కూర్చొని లేస్తే కండ్లు చీకట్లు. అయినా తీసకపోయినాం, వేర్లు పోవల్ల గదా.

ఒకరోజు నంద్యాల కోచింగులో మెట్లెక్కుతా పాప పడిపోయె. హాస్టలు పిల్లలు ఆటోలో వేసుకొని పెద్దాసుపత్రికి తీసకపోయినారు. మనం పోయేసరికి గుండెకు తీగలు కట్టినారు. తెర మీద గీత ఉరుకుతా ఉరుకుతా తప్పటడుగులు వేస్తాంది.

ఆడ ఉండె డాక్టరమ్మ హిమజ. చిన్న మనిషి, సన్న గొంతు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి పక్కన తానూ కూర్చునె.

"తాతగారూ, ఒంట్లో పొటాషియం అని ఒక ఉప్పు ఉంటుంది. కక్కీ కక్కీ అది పోయింది. అది పోతే గుండె తాళం తప్పుతుంది. ఇంకొంచెం ఆలస్యమైతే ఆగిపోయేది."

"ఎందుకు కక్కింది?"

"జబ్బు. బులీమియా అంటారు. ఆపుకోలేకుండా తింటారు, భయపడి కక్కుతారు. ఎవరికీ చెప్పరు. మనిషి సన్నబడరు కాబట్టి ఇంట్లోవాళ్లకూ తెలియదు. నేను ఈ జబ్బు మీదనే పరిశోధన చేస్తున్నాను."

"పరిశోధన అంటే ఏందమ్మా?"

"ఈ జబ్బు ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది, ఏం చేస్తే పోతుంది అని ఎంతోమందిని అడిగి, పరీక్షలు చేసి తేల్చడం. ఇది పట్నాల జబ్బు, పల్లె పిల్లలకు రాదు అనుకునేవాళ్లు. రాక కాదు, మనం అడగక."

"అట్లైతే తేల్చు. ఎవరు చేసినారు?"

ఆమె నవ్వలే. నేనట్ల అడుగుతానని ముందే తెల్సినట్ల ఉండె మొగం.

"ఒకరు చేసింది కాదు తాతగారూ. కొంత పుట్టుకతో వస్తుంది. కొంత లావున్నావన్న మాటలతో వస్తుంది. హాస్టల్లో సన్నబడాలని కడుపు మాడ్చుకుంది. మాడిన కడుపు ఒకరోజు తెగబడి తింటుంది. తిన్నందుకు సిగ్గుపడి కక్కుతుంది. కక్కినందుకు మళ్లీ మాడ్చుకుంటుంది. గానుగెద్దు తిరిగినట్టు."

"ఆ మాటలన్నది ఎవరు?"

"అందరూ. నవ్వులాటకు అన్నవాళ్లు, ప్రేమతో అన్నవాళ్లు."

"నాకు ఒక పేరు కావల్లమ్మా. ఒక్క పేరు."

"పేరు లేదు."

పేరు లేని పగను ఏం చేసుకోవల్ల? పగోడు ఉంటే వాడు యాడుంటాడో, ఏ దావన పోతాడో కనుక్కోవచ్చు. గాలిని యాడ పట్టుకునేది? ఆ బెంచీ మీద నాకు ఒళ్లంతా మంట. చేతిలో కట్టెను నేలకు అదిమి పట్టినా.

అప్పుడు నువ్వు నోరు తెరిచినావు నాగజ్యోతీ. "ఓబులేసు దగ్గర ప్రతి ఆదివారం కక్కిస్తాండామమ్మా, అయినా తగ్గలే" అని చెప్పినావు.

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగె.

"కక్కే జబ్బుకు కక్కించారా?"

నువ్వు తల ఊపినావు.

"నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇంకా కొందరిని అట్లాంటి వాళ్ల దగ్గర కక్కించే తెస్తున్నారు" అనె మెల్లగా. "ఉన్న ఆ కాస్త ఉప్పూ ఆ పసురు తీసేసింది."

చూసినావా. పేరు దొరికె.

సాయంత్రం పాపకు తెలివి బాగొచ్చె. నేను మంచం పక్కన కూర్చున్నా. పాప పైకప్పు చూస్తా చెప్పె.

"తాతా, ఆ గడ్డ నా కడుపులోది కాదు."

"ఎట్ల తెల్సు?"

"ఆ పొద్దు బయల్దేరే ముందర నేనే కక్కేసినా. అంతా. నీళ్లు కూడా మిగల్లే. నా కడుపులో ఏముందో ఏం లేదో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. ఖాళీ కడుపులోనుంచి గడ్డ ఎట్ల వస్తాది?"

"అప్పుడే ఎందుకు చెప్పలే పాపా?"

"చెప్తే, ముందే ఎందుకు కక్కినావని అడగరా?" కండ్ల పక్కనుంచి నీళ్లు చెవుల్లోకి కారినాయి. "వాడు దొంగని నాకొక్కదానికే తెల్సు. నేను దొంగనని కూడా నాకొక్కదానికే తెల్సు. అందుకే ఇద్దరం గమ్మునుంటిమి. అనసూయ చిన్నవ్వను మీరు తిడతాంటే కూడా గమ్మునుంటి."

నేను లేసినా. కట్టె తీసుకున్నా. ఆఖరి బస్సుకు పోతే ఇంట్లో గొడ్డలి ఉండాది.

డాక్టరమ్మ గడపలో అడ్డం నిలబడె. "ఎక్కడికి?"

"పనుండాది."

"ఆ పని చేస్తే జైల్లో ఉంటారు. ఇక్కడి పని ఎవరు చేస్తారు? మాత్రలిస్తాను. వారం వారం నా దగ్గర కూర్చుని మాట్లాడాలి. వేళకు కొంచెం కొంచెం తినాలి, మాడకూడదు. అన్నిటికన్నా కష్టం తిన్న తర్వాతి గంట. ఆ గంటలోనే కక్కాలనిపిస్తుంది. పక్కన ఒక మనిషి కూర్చోవాలి. తిట్టకూడదు, ఏడవకూడదు, లేవకూడదు. మీ ఇంట్లో అట్లాంటివాళ్లు ఎవరు?"

నువ్వు ఏడుస్తాంటివి. మీ అమ్మ నీకన్నా గట్టిగా ఏడుస్తాండె. నేను కూర్చున్నా.

పగ యాడికీ పోదు. రాత్రి పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పితే పొద్దునకు ఉండదా? ఉంటాది. అట్ల కప్పినా.

పాపను ఇంటికి తెచ్చుకున్నాం. తింటాంది, నేను కూర్చుంటాండా. మొదట్లో నన్ను పగోని మాదిరి చూసె.

"లెయ్ తాతా. బాత్రూముకు పోవల్ల."

"పో. తలుపు దగ్గరికేసి గొళ్లెం పెట్టకుండా పో. నేను బయట నిలబడి పాట పాడతా."

"నీ పాట ఇంటే కడుపులోది దానంతటదే వస్తాది."

"అందుకే పోవద్దంటాండా."

నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చినంక అదే మొదటి నవ్వు.

ఊరకే కూర్చుంటే గంట గడవదు. వాకిట్లో నాపబండ మీద ఇటికె ముక్కతో పులిజూదం గీసినా. నేను పులి, పాప మేకలు. పులి మేకను దూకి తింటాది. మేకలు పులిని కొట్టలేవు. సుట్టూ చేరి పులికి కదిలే దావ లేకుండా చేస్తే గెలిచినట్ల. నేను ఆడేది చిన్నప్పటి నుంచి. పాప నేర్చుకునేది మొన్ననే. అయినా కొన్నాళ్లకు నా పులి మూలకు పడె.

"చూడు తాతా. పులిని ఎవరూ కొట్టలే. దావ లేకుండా పోయినాదంతే."

నేను ఆ మూల చూసినా. ఆడ నా పులి కాదు, ఓబులేసు కూర్చోనుండాడు.

ఆ రోజే పోయి కాలవకు అడ్డమేసిన మట్టి తీసేసినా. ఆణ్నుంచి అట్లనే బురద కాళ్లతో అనసూయమ్మ వాకిట్లోకి పోయినా.

"కాలవ తెరిచినావా బావా?"

"తెరిచినా."

"తప్పైపోయిందని చెప్పనీకి వచ్చినావా?"

"కాదు. 'ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి' అని నిన్ను చూపించినోడు ఓబులేసు. వాని వాకిట్లోకి పోతాండా. తోడు వస్తావేమోనని అడగనీకి వచ్చినా."

ఆమె జుట్టు ముడి ఊడదీసి గట్టిగా బిగించుకునె. "ఈ ముక్క గడపలోనే చెప్పింటే కాఫీ పెట్టేదాన్ని గదా. కూర్చో."

కాఫీ తెచ్చి, నా ముందర తానే ఒక గుటక తాగి, గ్లాసు నాకిచ్చె. తాగినా. ఎంగిలి గింగిలి చూడలే.

ఆదివారం బయల్దేరేటప్పుడు పాప చెప్పులేసుకొని నిలబడె. వద్దన్నా. ఆడ అందరూ కక్కుతాంటారు. ఆ వాసన, ఆ చప్పుడు. తాగుడు మానేవాణ్ణి సారాయంగట్లో కూర్చోబెట్టినట్ల.

"పాపా, నువ్వు ఆడ కక్కితే వాడే గెలిచినట్ల."

"తెల్సు."

"డాక్టరమ్మ ఇంటే నన్ను చంపుతాది."

"చెప్పొద్దు. నాకు పోసినప్పుడు నువ్వు పక్కనుండావు. వానికి పోసేటప్పుడు నేను పక్కనుండల్ల."

ఆ మొగం చూసినా. నా ముక్కే. నా మొండితనమే. పుట్టుకతో కొంత వస్తాదని డాక్టరమ్మ చెప్పనే చెప్పె.

పోయినాం. నువ్వు, నేను, అనసూయమ్మ, పాప. ఎప్పటి మాదిరే జనం. ఎర్ర తువాలు, స్టీలు తట్ట. పాప గోడ వార నాపబండ మీద కూర్చొని, తెచ్చుకున్న జొన్నరొట్టె, పప్పు తినె. యాళకు తినాల గదా. చుట్టూ అందరూ ముక్కు మూసుకొని పసురు తాగి కక్కుతాంటే ఒక పిల్ల రొట్టె తింటాంటే జనం ఇంతింత కండ్లేసుకొని చూసిరి. తిని చెయ్యి కడుక్కునె. గంట మొదలాయె.

నేను పోయి వరుసలో కూర్చున్నా.

ఓబులేసు గుర్తుపట్టె. "పెద్దాయనా! పాప బాగుండాదా?"

"బాగుండాది. ఈసారి నాకు పెట్టినారు."

"ఎవరు?"

"అది నువ్వు గదా చెప్పల్ల? నేనే చెప్తే నీకు పనేముంది?"

ఒకరిద్దరు నవ్విరి. ఓబులేసు లోటా నింపి నా నోటి దగ్గరికి తెచ్చె. నేను ఆ చెయ్యి పట్టుకున్నా. గట్టి చెయ్యి నాది, ఎద్దుల ముకుతాడు పట్టిన చెయ్యి.

"నువ్వు ముందు తాగు."

"నేనెందుకు? నేను వైద్యుణ్ణి."

అప్పుడు అనసూయమ్మ లేసి నడుమున చెంగు దోపుకునె. "ఏమప్పా, యాడోనివి నువ్వు? ఈ పక్క రివాజు తెలీదా? పెట్టినోడు ముందు తినాల. నేను మందు పెట్టినానని చెప్పినావు గదా, నేను కూడా ముందు తినే పెట్టినా. తలకాయలు తీసుకునే పగోళ్లే ముందు ముద్ద తిని పెడతారు. నువ్వు పగోని కన్నా హీనమా?"

"ఎవరీ మనిషి?"

"ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి."

జనంలో గుసగుస లేచె. ఒక పెద్దమనిషి మీసం తుడుచుకొని, "నిజమే గదప్పా. తాగు. మంచిదైతే నీకేం భయం?" అనె. ఇంకొకడు లేచె. ఇంకొక ఆడమనిషి బిడ్డను చంకనేసుకొని తలుపుకు అడ్డం నిలబడె. ఓబులేసు ఇంట్లోకి పోదామని తిరిగె, దావ లేదు. వీధి పక్క చూసె, దావ లేదు. మేకలు అన్ని పక్కలా చేరినాయి.

తాగినాడు. గుక్క తాగి లోటా దించబోతే, "నిండుగా" అన్నా. నిండుగా తాగినాడు.

కొంచేపు ఏం కాలే. నవ్వబోయినాడు. నవ్వు సగంలో ఉండగానే కడుపు పట్టుకున్నాడు. మోకాళ్ల మీద పడె. నోటికి అడ్డం పెట్టుకోనీకి తువాల లాగె. ఆ కంగారులో మరిచి లాగినాడు. తువాల అంచు మడతలోనుంచి నల్ల గడ్డలు జలజలమని నాపబండల మీద రాలె. జుట్టు చుట్టిన గడ్డలు. ఆ పొద్దు వరుసలో కూర్చున్నోళ్లందరికీ సరిపోతాయి.

ముందర కూర్చున్నోళ్లు కాళ్లు ఎనక్కి లాక్కునిరి.

అనసూయమ్మ వంగి ఒక గడ్డ ఏరె. "ఇది ఎవరిదప్పా?" మీసం పెద్దమనిషి ముందర పెట్టె. "నీదా? ఇది నీ పెండ్లాం పెట్టినాదంటనా?" ఇంకొకటి ఏరి బిడ్డ తల్లికి చూపె. "ఇది నీ అత్తదా? ఏ అత్తది, ఏ కోడలిది? చెప్పవేం ఓబులేసూ? ఒక్కొక్కటిగా చెప్పు. ఎంతమంది ఆడోళ్లను ఇండ్లల్లోనుంచి తరిమించినావు ఈ మైనం ముద్దలతో?"

వాడు చెప్పే స్థితిలో లేడు. కక్కుతాండాడు.

నేను ఇంకొక లోటా నింపినా.

"వేర్లు మిగిలింటాయి" అన్నా.

చేతులు జోడించినాడు. "పెద్దాయనా, చాలు, సచ్చిపోతా" అనె. మా పాప కూడా జోడించింది ఒక ఆదివారం. నువ్వు చూసినావు. అప్పుడు వీడు ఆపలే. నేను నిదానంగా మాట్లాడే మనిషిని. నిదానంగానే పోసినా. పోసేటప్పుడు నాకు ఎట్లుండెనో చెప్పమంటావా? కోత ఐనంక కళ్లంలో పండుకున్నట్ల ఉండె. అట్లనే రాయి, మార్చొద్దు.

మూడో లోటా చేతిలో ఉండగా ఎందుకో గోడ వారకు చూసినా.

పాప మొగం తెల్లగా పాలిపోయినాది. నుదుటి మీద చెమట. రెండు చేతులూ బండకు అదిమి పట్టుకొని పండ్లు బిగించి ఉండాది. గొంతు పైకీ కిందికీ ఆడతాంది. ఆ వాసన, ఆ చప్పుడు, అంతా వీనిది. పక్కన నువ్వు ఏం చెయ్యాల్నో తెలీక నిలబడినావు.

గంట కాలేదు. నేను లేసింటి. ఆ గంటలో లేవకూడదని మాట.

లోటాను చూసినా. వాణ్ణి చూసినా. ఇంకా కసి తీరలే, నిజం చెప్తాండా. లోటా అనసూయమ్మ చేతిలో పెట్టినా. పోయి పాప పక్కన కూర్చున్నా.

"పో తాతా" అనె పండ్ల సందునుంచి. "వానికి పొయ్యి. నేను చూస్తాంటా."

"గంట కాలేదు."

కింద పడిన పెంకు ముక్క తీసి వాని నాపబండ మీదనే పులిజూదం గీసినా. రాళ్లు ఏరి పెట్టినా. "ఆడు. మేకలు నీవి."

మొదటి రాయి గీత తప్పి పడె, సరిచేసె. రెండోది పెట్టె. ఎనకల లోటా పట్టుకున్న అనసూయమ్మ గొంతు, వాడు కక్కే చప్పుడు, జనం అరుపులు. తట్ట ఎవరో తన్నిరి, గణగణమని దొర్లుకుంటా పోయె. పాప తల ఎత్తలే. నా పులి ఒక మేకను తినె. "అయ్యో" అనె. ఆ అయ్యో నిజం అయ్యో. ఆట మీది అయ్యో. అప్పుడు నాకు ఊపిరి వచ్చె.

మేం లేచేసరికి నీడ గోడ దాటె. వాకిలంతా కక్కులు. కక్కనిది మా పాప ఒక్కతే. పోతా పోతా ఓబులేసు ముందర నిలబడె. వాడు గోడకు ఆనుకొని కుక్క మాదిరి రొప్పుతాండాడు.

"నా గడ్డ యాడుండాదో చూసుకో. నా కడుపులో రొట్టె ఉండాది" అని చెప్పి వచ్చె.

డాక్టరమ్మకు చెప్పక తప్పలే. పాపే చెప్పేసె, వారం వారం మాట్లాడల్ల గదా. నన్ను పిలిపించి చీవాట్లు పెట్టె. "పాపకు ఏమన్నా అయ్యుంటే? వాడికి ఏమన్నా అయ్యుంటే?" అనె. తల వంచుకొని ఇన్నా. చీవాట్లు ఐనంక, అనసూయమ్మ కొంగున కట్టుకొచ్చిన గడ్డను ఒక చిన్న డబ్బాలో వేసుకునె. తర్వాత చీల్చి చూసినారంట. మైనం, జుట్టు, లోపల చింతగింజ.

"నా పరిశోధనలో ఇది రాస్తాను తాతగారూ. ఈ జబ్బున్న పిల్లల్ని ఇట్లా కక్కిస్తే ఏమవుతుందో డాక్టర్లందరూ చదువుతారు."

"వాని పేరు రాస్తావా?"

"రాయకూడదు. పరిశోధనలో పేర్లు ఉండవు. పాప పేరూ ఉండదు."

"పాప పేరు లేకుంటే మంచిదే. వాని పేరు?"

"వాడి పేరూ ఉండదు."

ఇన్నావా? అందుకే నాగజ్యోతీ, నిన్ను కూర్చోబెట్టుకొని చెప్తాండేది. ఆ ఆదివారం రాత్రికే ఓబులేసు ఇంటికి తాళం పడె. ఇప్పుడు కొలిమిగుండ్ల పక్క ఒక పల్లెలో వాకిలి ఊడ్చుకొని కూర్చున్నాడని అల్లుడు లారీలో పోతా ఇనుకొచ్చె. తువాల మార్చినాడంట, పచ్చది. ఆ వాకిట్లోకి ఇంకొక తాత ఇంకొక పాపను తీసకపోతాడు. ఆ తాతకు పేరు తెలియల్ల.

పాపకు పూర్తిగా బాగై పోయిందని రాయొద్దు. మొన్న మళ్ల కక్కింది. కానీ దాచలే. తానే నా దగ్గరికొచ్చి చెప్పె. డాక్టరమ్మ అట్ల పడతా లేస్తానే పోతాది అనె. కోచింగుకు పోతాంది, రోజూ బస్సులో పోయి వస్తాంది, హాస్టలు మాన్పించినాం.

సాయంత్రం టిఫిను యాళయ్యె. మీ అమ్మ బొరుగుల ఉగ్గానికి తిరగమోత వేస్తాండాది, వాసనొస్తాంది. ఇంక పెన్ను పెట్టు. కాగితం ఇట్ల ఇయ్యి. నాకు చదువు లేదనుకుంటాండావు, మూడో తరగతి దాంక పోయినా గదా. మొదటి గీతలో ఏం రాసినావో చూడనీ.

ఓ. బు. లే. సు.

సరే. ఇటికె ముక్క యాడుండాదో చూసి, పాపను పిలువు.